లాంచ్ కంట్రోల్: మొదటి పరుగు 4.1 సెకన్లు, నాలుగోది 5 సెకన్లు ఎందుకయింది?

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకచోట పెడతాను, ఎందుకంటే జవాబు చాలావరకు వాటిలోనే ఉంది. మీది ఇంజిన్ సీట్ల వెనుక ఉండి, వెనుక చక్రాలను మాత్రమే తిప్పే టర్బో స్పోర్ట్స్ కారు. గేర్‌బాక్స్ డ్యూయల్ క్లచ్ రకం, అంటే రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చేది. కారుకు మీరు రెండో యజమాని. మూసి ఉంచిన ట్రాక్ మీద ఇరవై నిమిషాల్లో నాలుగుసార్లు లాంచ్ కంట్రోల్, అంటే నిలిచిన కారును వీలైనంత వేగంగా దూకించే కంప్యూటర్ సదుపాయం, వాడారు. సున్నా నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి మొదటిసారి 4.1 సెకన్లు, రెండోసారి 4.2, మూడోసారి 4.5 పట్టాయి. నాలుగోసారి 5 సెకన్లు దాటడమే కాక, తెర మీద గేర్‌బాక్స్ వేడెక్కిందన్న హెచ్చరిక వెలిగింది. తయారీదారు చెప్పిన 3.9 సెకన్లు ఎందుకు రావడం లేదు, నా పద్ధతిలో లోపముందా, ఇలా వాడితే కారు చెడిపోతుందా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

పద్ధతిలో పెద్ద లోపం లేదు. ఉంటే మొదటి పరుగే 4.1 సెకన్లలో వచ్చేది కాదు. మీరు చూసింది వేడి ప్రభావం. లాంచ్ కంట్రోల్ అనగానే ఇంజిన్‌లో దాచిపెట్టిన శక్తిని బయటికి తీసే మీట అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఇంజిన్‌కు ఒక్క గుర్రం బలం కూడా కలపదు. టైరుకు రోడ్డు మీద ఎంత పట్టు దొరుకుతుందో అంతే టార్క్‌ను (తిప్పే బలాన్ని) చక్రానికి అందేలా చూడటం, అందుకోసం క్లచ్‌ను కొద్దిసేపు కావాలని జారనివ్వడం, ఈ రెండే దాని పనులు. ఆ జారుడుకు మూల్యం వేడి రూపంలో చెల్లించాలి. మొదటి పరుగు మూల్యం తీరకముందే మీరు రెండోది, రెండోది తీరకముందే మూడోది మొదలుపెట్టారు.

ముందు పట్టు సంగతి చూద్దాం. 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 27.8 మీటర్లు. కారు బరువులో 60 శాతం వెనుక చక్రాల మీద ఉందనీ, గురుత్వ కేంద్రం నేల నుంచి అర మీటరు ఎత్తులో ఉందనీ, ముందు వెనుక చక్రాల మధ్య దూరం రెండున్నర మీటర్లనీ, టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ గుణకం 1 అనీ అనుకోండి. కారు ముందుకు దూకినప్పుడు బరువు వెనక్కి ఒరుగుతుంది కాబట్టి వెనుక టైర్ల పట్టు ఇంకొంచెం పెరుగుతుంది. లెక్క కడితే ఆ కారుకు సాధ్యమయ్యే గరిష్ఠ త్వరణం 0.75 జీ (గురుత్వ త్వరణంలో ముప్పావు వంతు), అంటే 100 కిలోమీటర్ల వేగానికి దాదాపు 3.8 సెకన్లు. ఇంజిన్‌లో వెయ్యి గుర్రాలున్నా ఆ టైర్లతో ఆ రోడ్డు మీద అంతకంటే తొందరగా చేరలేరు. ఇవే కొలతలతో బరువు ముందూ వెనుకా సగం సగంగా ఉంటే ఆ అంకె 4.5 సెకన్లవుతుంది. బరువులో 60 శాతం ముందు ఉండి, ముందు చక్రాలే తిరిగే కారయితే, దూకగానే బరువు ఆ చక్రాల మీది నుంచి తొలగిపోతుంది కనుక 5.6 సెకన్ల పైమాటే. నాలుగు చక్రాలూ తిరిగే కారుకు 2.8 సెకన్లు. ఇంజిన్ వెనుక ఉన్న కార్లూ నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న కార్లూ ఈ ఆటలో ఎందుకు ముందుంటాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. 2020లో వచ్చిన 911 టర్బో ఎస్ లాంటి కారుకు పోర్షే 2.7 సెకన్లని ప్రకటించిందంటే, దాని వెనుక 650 గుర్రాల బలంతో పాటు నాలుగు చక్రాల పట్టూ, ఘర్షణ గుణకం 1కి మించే టైర్లూ ఉన్నాయి.

ఇక్కడే మీ 3.9 అంకె సంగతి కూడా తేలుతుంది. పై లెక్కలో ఘర్షణ గుణకాన్ని 1 నుంచి 0.9కి దించండి. కాస్త దుమ్ము, చల్లబడిన టైరు, అరిగిన ట్రెడ్, వీటిలో ఏదున్నా అంత తగ్గుదల మామూలే. 3.8 సెకన్లు 4.3 అవుతాయి. పట్టు పదో వంతు తగ్గితే అర సెకను పోయింది. మీ మొదటి పరుగుకూ తయారీదారు అంకెకూ మధ్య తేడా 0.2 సెకన్లే కాబట్టి, దాన్ని కారు లోపమనో మీ లోపమనో అనుకోవలసిన పని లేదు.

అంకెను కొలిచే తీరులోనూ తిరకాసులున్నాయి. అమెరికా డ్రాగ్ రేసింగ్ (తిన్నని ట్రాక్ మీద నిలిచిన చోటి నుంచి సాగే పందెం) సంప్రదాయంలో కారు మొదటి ఒక్క అడుగు, అంటే సుమారు 30 సెంటీమీటర్లు, కదిలిన తర్వాతే గడియారం మొదలవుతుంది. ఆ అడుగుకు 0.2 నుంచి 0.3 సెకన్లు పడుతుంది. కొందరు తయారీదారులు, కొన్ని పత్రికలు ఆ అడుగును మినహాయించి అంకె చెబుతారు, కొందరు మినహాయించరు. మీరు వాడిన జీపీఎస్ పరికరంలోనూ ఈ ఎంపిక ఉండే ఉంటుంది, ఒకసారి చూడండి. రోడ్డు వాలు కూడా చిన్న విషయం కాదు. వంద మీటర్లకు ఒక మీటరు ఎత్తు పెరిగే రోడ్డు మీ కారుకు దాదాపు 0.05 సెకన్లు ఖర్చు పెట్టిస్తుంది, అదే పల్లమైతే అంతే కలిసివస్తుంది. అందుకే పరుగును రెండు దిశల్లోనూ తీసి సగటు చూసుకోవడం పాత పద్ధతి. నిండు ట్యాంకు, పక్క సీట్లో మిత్రుడు, వెనుక సంచి, ఇవి కలిసి వంద కిలోలు దాటితే వాటి ప్రభావం కూడా కనిపిస్తుంది.

ఇప్పుడు లాంచ్ కంట్రోల్ ఏం చేస్తుందో దగ్గరగా చూద్దాం. టైరు ఏమాత్రం జారకుండా దొర్లేటప్పుడు దాని నుంచి గరిష్ఠ పట్టు రాదు. రబ్బరు కొద్దిగా సాగి, కొద్దిగా జారినప్పుడే పట్టు శిఖరానికి చేరుతుంది. మామూలు రోడ్డు టైర్లలో చక్రం అంచు వేగం కారు వేగం కంటే సుమారు 10 నుంచి 20 శాతం ఎక్కువగా ఉన్నప్పుడు ఆ శిఖరం వస్తుంది. అది దాటితే పట్టు తగ్గుతుంది, పొగ పెరుగుతుంది. పొగను చూసి కారు గట్టిగా దూకిందని మురిసిపోతాం గానీ స్టాప్‌వాచీ వేరే కథ చెబుతుంది. ఈ సన్నని గీత మీద చక్రాన్ని నిలిపి ఉంచడమే కంప్యూటర్ పని. చక్రాల వేగాన్ని చూస్తూ, క్లచ్ ఒత్తిడినీ ఇంజిన్ టార్క్‌నూ సెకనుకు ఎన్నోసార్లు సవరిస్తూ ఉంటుంది.

అయితే మొట్టమొదటి అర మీటరులో దానికి చూపు సరిగా ఆనదన్న సంగతి చాలామందికి తెలియదు. చక్రం వేగాన్ని కొలిచే సెన్సార్ ఒక పళ్ల చక్రాన్ని చూసి లెక్కపెడుతుంది. సాధారణంగా దానికి 40 నుంచి 50 పళ్లుంటాయి. టైరు చుట్టుకొలత రెండు మీటర్లనుకుంటే, ఒక పన్ను దాటడానికి కారు నాలుగైదు సెంటీమీటర్లు కదలాలి. అంటే మొదటి అర మీటరులో కంప్యూటర్ చేతికి వచ్చే సమాచారం ఓ డజను గుర్తులే. ఆ కాస్సేపు అది కొలతల మీద కాక, తయారీదారు ముందే రాసి పెట్టిన అంచనాల మీద నడుస్తుంది. పొడి తారు రోడ్డు, వెచ్చని టైరు, సమతలం అన్న ఊహతో ఆ అంచనాలు రాస్తారు. మీ పరిస్థితి ఆ ఊహకు దగ్గరగా ఉన్నంత మేరకే మొదటి దూకుడు శుభ్రంగా ఉంటుంది. తడి రోడ్డుకూ పొడి రోడ్డుకూ ఒకే ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య) అంటే పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అన్నట్టే. అందుకే కొన్ని కార్లలో, ముఖ్యంగా డాడ్జ్ ఛాలెంజర్ లాంటి అమెరికా కార్లలో, లాంచ్ ఆర్‌పీఎంను డ్రైవరే మార్చుకునే వీలు ఇచ్చారు.

ఆర్‌పీఎం ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న నమ్మకం ఒకటి ప్రచారంలో ఉంది, అది తప్పు. 2007లో వచ్చిన నిస్సాన్ జీటీ-ఆర్ తొలి కార్లు దాదాపు 4,500 ఆర్‌పీఎం దగ్గర లాంచ్ అయ్యేవి. గేర్‌బాక్స్‌లు దెబ్బతిన్నాయన్న ఫిర్యాదుల తర్వాత కంపెనీ సాఫ్ట్‌వేర్ మార్చి ఆ ఆర్‌పీఎంను బాగా దించింది. అయినా కారు నెమ్మదించలేదు. టైరు తీసుకోలేని టార్క్‌ను తెచ్చి క్లచ్ దగ్గర పోగేస్తే మిగిలేది వేడి ఒక్కటే అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టడం లేదు.

ఇక ఆ వేడి ఎంతో లెక్కగట్టి చూపిస్తాను, మీ నాలుగు పరుగుల రహస్యం ఇందులోనే ఉంది. కారు బరువు డ్రైవరుతో కలిపి 1,600 కిలోలనుకుందాం. లాంచ్ సమయంలో ఇంజిన్ దాదాపు ఒకే ఆర్‌పీఎం దగ్గర తిరుగుతూ ఉంటుంది. కారు నిలిచిన చోటి నుంచి కదిలి, ఆ ఆర్‌పీఎంకు మొదటి గేరులో సరిపోయే వేగం, ఉజ్జాయింపుగా 40 కిలోమీటర్లు, అందుకునేదాకా క్లచ్ పలకలు ఒకదాని మీద ఒకటి జారుతూనే ఉంటాయి. ఈ వ్యవధి 0.75 జీ దగ్గర సుమారు ఒకటిన్నర సెకను. 40 కిలోమీటర్ల వేగంలో ఆ కారు గతిశక్తి దాదాపు 100 కిలోజౌళ్లు. ఇంజిన్ వేగం స్థిరంగా ఉన్నప్పుడు క్లచ్‌లో వేడిగా పోయే శక్తి కూడా సరిగ్గా అంతే ఉంటుందని భౌతిక శాస్త్రం చెబుతుంది. ఇంజిన్ పంపిన దానిలో సగం కారుకు, సగం క్లచ్‌కు. మొదటి క్షణంలోనైతే చక్రం ఇంకా కదలలేదు కాబట్టి, దాదాపు 130 కిలోవాట్ల శక్తి మొత్తం క్లచ్ పలకల మధ్యే వేడిగా మారుతుంది. ఆ 100 కిలోజౌళ్లూ ఒక కిలో ఉక్కులోకి వెళితే దాని ఉష్ణోగ్రత 200 డిగ్రీలు పెరుగుతుంది. ఒకటిన్నర సెకనులో.

మీ గేర్‌బాక్స్‌లో క్లచ్ పలకలు నూనెలో తడిసి ఉండే రకమైతే, ఆ వేడిని నూనె లాగేసుకుని కూలర్‌కు మోసుకుపోతుంది. పొడి క్లచ్ అయితే గేర్‌బాక్స్ తొడుగు లోపలి గాలిలోకి మెల్లగా వదలడం తప్ప దారి లేదు, అందుకే పెద్ద టార్క్ ఉన్న స్పోర్ట్స్ కార్లలో తడి క్లచ్‌లే ఎక్కువగా కనిపిస్తాయి. తడి క్లచ్‌లోనూ నూనెకు ఒక పరిమితి ఉంటుంది. నూనె వేడెక్కి పలచబడితే క్లచ్ ఘర్షణ స్వభావం మారుతుంది, కంప్యూటర్ అంచనా వేసినంత టార్క్ దాటదు. ఇంకా వేడెక్కితే కంప్యూటర్ క్లచ్‌ను కాపాడటానికి ఇంజిన్ టార్క్‌ను కోస్తుంది లేదా లాంచ్‌నే నిరాకరిస్తుంది. మీ రెండో పరుగులో 0.1 సెకను పోవడం టైరు, గాలి, తెరిచిన కిటికీ, దేనివల్లనైనా కావచ్చు. మూడోసారి 0.4 సెకన్లు పోవడం మాత్రం టార్క్ కోతకు గుర్తు. నాలుగోది కంప్యూటర్ మిమ్మల్ని బతిమాలడం మాని చేయి పట్టుకుని ఆపడం. దీనితోపాటు టర్బోకు వెళ్లే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కూడా నిలిచిన చోట ఎండలో ఉంటే వేడెక్కి, ఇంజిన్ బలాన్ని తగ్గిస్తుంది. నిలిచి ఉన్న కారుకు గాలి తగలదు కదా.

అందువల్ల నా మొదటి సలహా చాలా సాదాది. ఒక లాంచ్ తర్వాత కారును ఆపి ఉంచకండి. నాలుగైదు కిలోమీటర్లు పెద్ద గేరులో, తక్కువ ఆర్‌పీఎంతో, క్లచ్ పూర్తిగా పట్టుకుని ఉన్న స్థితిలో తాపీగా నడపండి. నూనె తిరుగుతుంది, కూలర్‌కు గాలి తగులుతుంది, ఇంటర్‌కూలర్ చల్లబడుతుంది. వరుసలో నిలబడి, అడుగడుగునా పాకిస్తూ ఎదురుచూడటం మంచిది కాదు, ఎందుకంటే పాకేటప్పుడు కూడా క్లచ్ జారుతూనే ఉంటుంది. గేర్‌బాక్స్ ఉష్ణోగ్రతను తెర మీద చూపించే కారయితే, మొదటి లాంచ్‌కు ముందున్న అంకెను గుర్తుపెట్టుకుని, దానికి దగ్గరగా వచ్చేదాకా రెండోది మొదలుపెట్టకండి. అలా చేస్తే రోజుకు నాలుగైదు మంచి పరుగులు వస్తాయి. ఇరవై నిమిషాల్లో నాలుగు చేస్తే మంచివి ఒకటో రెండో దక్కుతాయి.

పద్ధతి గురించి కూడా అడిగారు కనుక, పేజీల కొద్దీ కాకుండా తప్పులు జరిగే చోట్లే చెబుతాను. ఇంజిన్ నీళ్ల ముల్లు మధ్యకు వస్తే కారు వేడెక్కిందనుకుంటారు. ఇంజిన్ నూనె, గేర్‌బాక్స్ నూనె వేడెక్కడానికి అంతకంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. చల్లని నూనెతో చేసిన లాంచ్ గేర్‌బాక్స్‌కు వేడి లాంచ్ కంటే ఎక్కువ చేటు. పదిహేను ఇరవై నిమిషాలు మామూలుగా నడిపిన తర్వాతే మొదలుపెట్టండి. టైర్లలో గాలి తయారీదారు చెప్పినంత ఉంచండి. పట్టు పెరుగుతుందని బాగా తగ్గించేవాళ్లున్నారు, కానీ 200 కిలోమీటర్ల వేగం అందుకోగల కారులో అది ప్రమాదకరమైన ఆదా. ట్రెడ్‌లో ఇరుక్కున్న చిన్న రాళ్లను తీసేయండి. లాంచ్ చేసే చోటకు నడిచి వెళ్లి, అరికాలితో నేలను రుద్ది చూడండి. ఇసుక తగిలితే పది అడుగులు ముందుకో వెనక్కో జరపండి. ఈ పనికి అర నిమిషం కూడా పట్టదు, కానీ సాఫ్ట్‌వేర్ చేసే సవరణలన్నిటి కంటే ఎక్కువ సమయం మిగులుస్తుంది.

కారులో కూర్చున్నాక చేసే క్రమం కంపెనీని బట్టి కొద్దిగా మారుతుంది, మీ కారు పుస్తకంలో ఉన్నదే ప్రమాణం. స్థూలంగా చెప్పాలంటే, స్టీరింగ్ నిటారుగా ఉంచి, అత్యంత చురుకైన డ్రైవింగ్ మోడ్ ఎంచుకుని, ఎడమ పాదంతో బ్రేకును గట్టిగా నొక్కి, కుడి పాదంతో ఆక్సిలరేటర్‌ను ఒక్క ఊపులో చివరిదాకా తొక్కాలి. ఆర్‌పీఎం ఒకచోట నిలబడి, తెర మీద లాంచ్ సిద్ధమన్న సందేశమో జెండా గుర్తో వస్తుంది. అప్పుడు బ్రేకును వదలాలి. ఇక్కడ మూడు తప్పులు తరచూ చూస్తాను. మొదటిది బ్రేకును మెత్తగా నొక్కడం, దాంతో కారు లాంచ్ స్థితికే రాదు, లేదా అంగుళం అంగుళం ముందుకు పాకుతూ క్లచ్‌ను కాలుస్తుంది. రెండోది సందేశం వచ్చాక పచ్చదీపం కోసమో, వీడియో తీసే మిత్రుడి సైగ కోసమో ఎదురుచూస్తూ అలాగే పట్టి ఉంచడం. ప్రతి క్షణం వేడి పేరుకుంటూనే ఉంటుంది, అందుకే చాలా కార్లు కొన్ని సెకన్ల తర్వాత తామే విరమిస్తాయి. మూడోది బ్రేకును మెల్లగా వదలడం. బ్రేకు పలకలు ఇంకా పట్టుకుని ఉండగా క్లచ్ కలిస్తే ఆ రెండింటి కొట్లాటలో కారు కుంటుతుంది. వేడి పెనం మీద చేయి పడితే ఎలా తీస్తామో పాదాన్ని అలా తీయాలి.

కుడి పాదం మాత్రం కదలకూడదు. మధ్యలో కాస్త వదిలి మళ్లీ తొక్కితే చాలా కార్లలో లాంచ్ క్రమం రద్దయి మామూలు డ్రైవింగ్‌లోకి వచ్చేస్తుంది. దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది, దాన్ని నా అనుభవంతో చెబుతాను. కొన్నేళ్ల కిందట నేను శిక్షణ ఇస్తున్న ఒకాయన కారు లాంచ్ అయిన వెంటనే వెనుక భాగం దడదడమని ఎగిరింది. టైరు పట్టు దొరికి, జారి, మళ్లీ దొరికి, సెకనుకు పదిసార్లకు పైగా యాక్సిల్ మెలితిరిగి విడిపోతుండే ఆ స్థితిని వీల్ హాప్ అంటారు. పక్క సీట్లో ఉన్న నేను వదలండి అని అరిచేలోపే, మూడు నాలుగు దడలకే, పెద్ద చప్పుడుతో కారు శక్తి కోల్పోయి దొర్లుకుంటూ ఆగింది. జాకీ ఎత్తి చూస్తే ఎడమ డ్రైవ్ షాఫ్ట్ (చక్రానికి టార్క్ అందించే కడ్డీ) విరిగింది, విరిగిన చోట లోహం తిప్పి పిండిన బట్టలా మెలితిరిగి ఉంది. ఆ కారు వెనుక టైర్లు రెండూ వేర్వేరు కంపెనీలవి, అరుగుదల కూడా వేరు. తప్పు నాది, ముందే టైర్లు చూడవలసింది నేనే. అప్పటి నుంచి నా నియమం ఒక్కటే: మొదటి దడకే ఆక్సిలరేటర్ పూర్తిగా వదిలేయాలి, రెండో దడ దాకా ఆగకూడదు. ఆ పరుగు పోతే పోనీ.

కారు చెడిపోతుందా అన్న మీ మూడో ప్రశ్నకు నిజాయతీ గల జవాబు ఏమిటంటే, తయారీదారు పెట్టిన పరిమితుల్లో వాడితే ఒక్కసారిగా ఏదీ విరగదు, కానీ అరుగుదల మాత్రం మామూలు డ్రైవింగ్‌కు పోలిక లేనంత ఎక్కువ. క్లచ్ పలకలు, గేర్‌బాక్స్ నూనె, డ్రైవ్ షాఫ్ట్ కీళ్లు, ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు మౌంట్లు, టైర్లు, ఈ క్రమంలో అవి ఆయుష్షు ఇచ్చుకుంటూ పోతాయి. జిగురు ద్రవం పూసి పట్టు పెంచిన డ్రాగ్ స్ట్రిప్‌ల మీద ఇంకో చిక్కుంది. అక్కడ టైరు సులువుగా జారదు, జారి వదిలేయవలసిన భారమంతా షాఫ్టుల మీదా గేర్ల మీదా పడుతుంది. మంచి పట్టు సమయానికి మంచిది, యంత్రానికి కాదు. ఇంకో మాట. చాలా కార్ల కంప్యూటర్లు లాంచ్‌ల సంఖ్యను నమోదు చేసుకుంటాయి. వారంటీ ఉన్నంతకాలం ఆ అంకె మీకూ సర్వీసు కేంద్రానికీ మధ్య సంభాషణలోకి రావచ్చునని తెలుసుకుని వాడండి.

మీరు పక్కమాటగా మాన్యువల్ కార్ల గురించి, ఎలక్ట్రిక్ కార్ల గురించి కూడా అడిగారు. మాన్యువల్ కారులోని లాంచ్ కంట్రోల్ ఆర్‌పీఎంను పట్టి ఉంచుతుంది, చక్రం మరీ జారితే టార్క్ తగ్గిస్తుంది, కానీ క్లచ్‌ను వదిలే పాదం మీదే. అసలు విద్య అంతా ఆ పాదంలోనే ఉంది. బయట కొని అమర్చుకునే టూ-స్టెప్ పరికరాలు చాలావరకు స్పార్క్‌ను కోసి ఆర్‌పీఎం నిలుపుతాయి. కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోయి టపటపా పేలుతుంది, వినడానికి బాగానే ఉంటుంది గానీ పొగలోని విషవాయువులను తగ్గించే కాటలిటిక్ కన్వర్టర్‌ను అది తినేస్తుంది. క్లచ్‌కు బదులు నూనె ద్వారా టార్క్‌ను దాటించే టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌లో జారేది పలకలు కాదు, నూనె. అది మోటుదనాన్ని బాగా ఓర్చుకుంటుంది, కానీ బ్రేకు మీద పట్టి ఉంచినంతసేపూ నూనె గబగబా వేడెక్కుతుంది. ఎలక్ట్రిక్ కారుకు అసలు క్లచ్ లేదు. అక్కడ లాంచ్ మోడ్ అంటే ప్రధానంగా బ్యాటరీని సరైన ఉష్ణోగ్రతకు తేవడం. టెస్లా మోడల్ ఎస్ అయితే చిరుత పొంచినట్టు ముందు భాగాన్ని కిందికి దించి, దూకినప్పుడు ముక్కు లేవకుండా చూసుకుంటుంది. బ్యాటరీ ఛార్జ్ తగ్గేకొద్దీ ఆ దూకుడూ తగ్గుతుంది.

మనిషి పాదం ఈ యంత్రాన్ని ఓడించగలదా అన్న చర్చ ఎప్పుడూ ఉండేదే. ఫార్ములా వన్‌లో 2001 స్పానిష్ గ్రాండ్ ప్రీ నుంచి లాంచ్ కంట్రోల్‌ను అనుమతించి, 2004లో నిషేధించారు. ఆ తర్వాత కూడా డ్రైవర్లు స్టీరింగ్ వెనుక రెండు క్లచ్ మీటలతో, ఒకదాన్ని పట్టు దొరికే బిందువు దగ్గర నిలిపి, రెండోదాన్ని వదిలి, ఇంజినీర్లు చెప్పిన అంకెల ప్రకారం దాదాపు యంత్రంలాగే మొదలుపెట్టేవారు. 2016లో ఒక్క మీటకే పరిమితం చేశాక మొదలు మళ్లీ చేతి నేర్పు విద్య అయింది, మొదటి వరుసలో ఉన్నవాళ్లు కూడా తడబడి స్థానాలు పోగొట్టుకోవడం కనిపించింది. ప్రపంచంలో అత్యుత్తములైన డ్రైవర్లకే అంత కష్టమైన పనిని మీ కారు ప్రతిసారీ ఒకేలా చేసి పెడుతోంది. ఇసుక పడిన చోటో, తడి మీదో ఓపిక గల డ్రైవరు దాన్ని మించగలడు, ఎందుకంటే అతనికి నేల కనిపిస్తుంది, దానికి కనిపించదు. పొడి నేల మీద పందెం కాయవద్దు.

పనిలో పనిగా ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. కొన్ని కార్లలో లాంచ్ కోసం స్థిరత్వ నియంత్రణను పూర్తిగా ఆపమంటారు. వెనుక చక్రాల డ్రైవ్‌లో, 600 న్యూటన్ మీటర్ల టార్క్‌తో, ఒక చక్రం పొడి మీదా ఇంకొకటి రంగు గీత మీదా ఉంటే కారు పక్కకు తిరగడానికి అర సెకను చాలు. స్పోర్ట్ స్థాయిలో ఉంచి లాంచ్ చేసే వీలుంటే అదే వాడండి, పోయే సమయం నామమాత్రం. ఇక ప్రజలు తిరిగే రోడ్డు మీద ఈ పని చేయకూడదు. మీరు ట్రాక్ మీదే చేశానని రాశారు కాబట్టి దీన్ని పొడిగించను.

రెండో యజమాని అన్నారు కనుక వచ్చేసారి ట్రాక్‌కు వెళ్లేముందు ఒక పని చేయించండి. గేర్‌బాక్స్ నూనె ఎప్పుడు మార్చారో రికార్డు చూసి, లేకపోతే నూనె, ఫిల్టర్ మార్పించి, క్లచ్ పట్టు బిందువును కంప్యూటర్‌తో కొత్తగా నేర్పించే అడాప్టేషన్ ప్రక్రియ చేయించండి. పాత నూనె రంగు, వాసన చూడండి. నల్లబడి మాడిన వాసన వస్తే ముందున్న యజమాని మీకంటే ఉత్సాహవంతుడని అర్థం. ఆ తర్వాత ఒక్కో లాంచ్‌కూ మధ్య అయిదు కిలోమీటర్లు నడిపి, గేర్‌బాక్స్ ఉష్ణోగ్రతను రాసుకుంటూ మళ్లీ నాలుగు పరుగులు తీయండి. నాలుగూ 4.1, 4.2 మధ్య వస్తే మీ కారు ఆరోగ్యంగా ఉన్నట్టే. అంత విరామం ఇచ్చినా మూడో పరుగు మళ్లీ 4.5కి పడిపోతే, లేదా లాంచ్ కాని మామూలు సమయంలో మూడో నాలుగో గేరులో గట్టిగా తొక్కినప్పుడు వేగం పెరగకుండా ఆర్‌పీఎం మాత్రమే ఎగబాకితే, క్లచ్ పలకలు అరిగాయని అనుమానించాలి. అప్పుడు లాంచ్‌లు ఆపి, ఆ నాలుగు అంకెలతో పాటు ఉష్ణోగ్రతలను కూడా పట్టుకుని గేర్‌బాక్స్ తెలిసిన మెకానిక్ దగ్గరకు వెళ్లండి.